క్లేర్ గ్రీట్: అప్పు కథ కప్పేసిన నటి

సినిమా చరిత్రల్లో క్లేర్ గ్రీట్‌కి దక్కేది ఒకటి రెండు వాక్యాలే. 1922లో దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తొలి ప్రయత్నం ‘నంబర్ 13’ డబ్బుల్లేక ఆగిపోతుంటే ఆమె చేతిసొమ్ము పెట్టిందని, ఆ కృతజ్ఞత కొద్దీ అతను తర్వాత వేషాలిచ్చాడని చెబుతారు. వినసొంపైన కథే గానీ, తేదీల ముందు నిలవదు.

1871లో పుట్టిన గ్రీట్ రంగస్థలం మీద పండి, యాభయ్యో పడిలో సినిమాల్లోకి వచ్చింది. ఇస్లింగ్టన్ స్టూడియో తీసిన ‘త్రీ లైవ్ ఘోస్ట్స్’ (1922)లో ఆమె నటించింది, టైటిల్ కార్డులు హిచ్‌కాక్ చేశాడు. కాబట్టి ఆ స్టూడియోకి, హిచ్‌కాక్‌కి ఆమె పనితనం ముందే తెలుసు.

ఆమె డబ్బు పెట్టిందన్న మాటను నేను కాదనను. కానీ రుణం తీర్చుకోవడమే ఉద్దేశమైతే హిచ్‌కాక్ ఆ తర్వాత ఐదు సినిమాలు ఆమె లేకుండా ఎందుకు తీశాడు? వాటిలో ‘ది లాడ్జర్’ ఒకటి. అద్దెకున్న మనిషి అర్ధరాత్రి బయటికి వెళుతుంటే, మెట్ల కమ్మీ మీద అతని చెయ్యి జారుతూ దిగుతుంటే, మంచం మీద మేలుకుని చెవులు రిక్కించే ఇంటావిడ పాత్ర గ్రీట్‌కి అతికినట్టుండేది. అది మేరీ ఆల్ట్‌కి వెళ్లింది. గ్రీట్‌కి 1927లో ‘ది రింగ్’లో పేకముక్కలు చూసి జోస్యం చెప్పే చిన్న వేషం దొరికింది. ‘ది మాంక్స్‌మన్’లో తల్లి, ‘మర్డర్!’లో జ్యూరీ సభ్యురాలు, ‘సాబొటాజ్’లో వంటామె: అన్నీ చిన్నవే. పాత బాకీ ఆమెను మొదటిసారి గుర్తుచేసి ఉండొచ్చు. పన్నెండేళ్లలో ఆరుసార్లు పిలిపించింది మాత్రం పనితనమే.

ఆమెను పదేపదే పిలవడానికి అసలు కారణం లండన్‌లోనే ఉంది. పగలు స్టూడియోలో, రాత్రి వెస్ట్ ఎండ్ నాటకాల్లో నటించే వాళ్ల మీద బ్రిటిష్ సినిమా బతికింది. పేద, మధ్యతరగతి పెద్దావిడను రెండు నిమిషాల్లో నిలబెట్టగల నటి అందరికీ కావాలి. ఆమెకు ఏ బాకీ లేని దర్శకులు కూడా ‘ఎమిల్ అండ్ ద డిటెక్టివ్స్’ (1935), ‘సెయింట్ మార్టిన్స్ లేన్’ (1938)లకు ఆమెను పిలిచారు. చివరిదైన ‘జమైకా ఇన్’ ఆమె పోయిన కొన్ని నెలలకు, 1939లో విడుదలైంది.

2012లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ హిచ్‌కాక్ మూకీలు తొమ్మిదింటిని బాగుచేసింది. ‘ది రింగ్’, ‘ది మాంక్స్‌మన్’ ఇప్పుడు శుభ్రంగా చూడొచ్చు. మంచి పనే. కానీ ఆ శ్రమ దర్శకుడి పేరు మీద జరిగింది కనుక, గ్రీట్ ఇంకా అతని ఖాతాలో చిల్లర పద్దుగానే మిగిలింది. ఆమెను మేరీ ఆల్ట్ లాంటి సాటి నటులతో కలిపి చదివే చరిత్ర రావాలి.