పొయ్యి మీద తూటాలు: అమెరికా ఇళ్లలో సీసం పోత కథ

సీసం సుమారు 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. ఇనుము కరగాలంటే 1,500 డిగ్రీలు దాటిన వేడి, దానికి తగిన కొలిమి, పనితనం తెలిసిన మనిషి కావాలి. సీసానికి ఇవేవీ అక్కర్లేదు. వంటింటి పొయ్యి, ఒక ఇనుప మూకుడు, ఒక గరిటె చాలు. పైగా నీటికంటే 11 రెట్లు బరువు కాబట్టి చిన్న గుండు కూడా దూరం వెళ్లి బలంగా తగులుతుంది. మెత్తన కాబట్టి తుపాకి గొట్టం లోపలి భాగాన్ని గీకెయ్యదు. తుపాకిని మెరుగుపరచడానికి శతాబ్దాల పాటు ఎందరో పనివాళ్లు శ్రమించారు గానీ, అందులో పెట్టే గుండు మాత్రం చాలాకాలం ఇంటిపనిగానే ఉండిపోయింది. ఉత్తర అమెరికా వలస ఇళ్లలో ఈ పని కొవ్వొత్తులు పోయడం, సబ్బు వండడం వంటి పనుల సరసన నడిచింది. చేసినవాళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ ఎక్కువ. యుద్ధ చరిత్రలు సేనాధిపతుల చుట్టూ తిరగడం వల్ల ఈ శ్రమకు దక్కవలసిన చోటు దక్కలేదు.

పనిముట్లు తక్కువ. మూస రెండు చెక్కలుగా ఉండి, పట్టకారులా తెరుచుకుని మూసుకుంటుంది. ఇనుముతోనో కంచుతోనో చేసేవారు. న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో బలపపు రాయిని తొలిచి ఒకేసారి అనేక గుండ్లు వచ్చే మూసలూ చేశారు. సీసం కరిగాక పైకి తేలిన మడ్డిని తీసేసి, కొంచెం మైనమో జంతువుల కొవ్వో వేసి కలిపితే లోహం శుభ్రపడుతుంది. తరవాత గరిటెతో మూసలో పోయడం, గట్టిపడగానే విప్పి గుండును కింద పడేయడం, పోసిన చోట మిగిలిన తోకను కత్తిరించడం. చదివితే తేలికే. చేతికి అలవాటు కావడానికి మాత్రం సమయం పడుతుంది. మూస చల్లగా ఉంటే గుండు ముడతలు పడుతుంది, మరీ వేడెక్కితే గట్టిపడడం ఆలస్యమవుతుంది. లోపల గాలి బుడగ చిక్కుకుంటే బరువు ఒకవైపుకు ఒరిగి, గుండు దారి తప్పుతుంది. కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడినా అది క్షణంలో ఆవిరై లోహాన్ని మొహం మీదికి చిమ్ముతుంది.

గుండ్లను అంగట్లో కొనుక్కోకుండా ఇంట్లోనే పోసుకోవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. ఆ రోజుల్లో తుపాకి గొట్టాలకు ఒకే కొలత ఉండేది కాదు. గొట్టం లావును కూడా సీసంతోనే లెక్కగట్టేవారు. ఒక పౌను సీసంతో, అంటే దాదాపు 454 గ్రాములతో, ఆ గొట్టానికి సరిగ్గా సరిపోయే గుండ్లు ఎన్ని వస్తాయన్నదే దాని కొలత. పన్నెండు వస్తే అది 12 బోర్. తెలుగు పల్లెల్లోనూ వినబడే ‘పన్నెండు బోర్ తుపాకి’ లెక్క అక్కడి నుంచి వచ్చిందే. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ పరిసరాల్లో స్థిరపడిన జర్మన్ పనివాళ్లు 18వ శతాబ్దంలో పొడవాటి రైఫిళ్లు చేసేటప్పుడు ఒక్కొక్క గొట్టాన్ని విడిగా తొలిచి, లోపల మెలి గాళ్లు కోసేవారు. అందుకే ప్రతి రైఫిల్‌తోపాటు దాని కొలతకు చేసిన మూసనూ కొన్నవాడి చేతిలో పెట్టేవారు. గుండును గొట్టంకంటే కాస్త చిన్నదిగా పోసి, కొవ్వు రాసిన గుడ్డముక్కలో చుట్టి దిగగొట్టేవారు. మూస పోతే రైఫిల్ మూలన పడ్డట్టే.

ఈ ఇంటిపని చరిత్రలో లెక్కతో సహా నమోదైన ఘట్టం 1776 నాటిది. బ్రిటిష్ రాజు మూడో జార్జ్ గుర్రమెక్కి ఉన్న విగ్రహాన్ని 1770లో న్యూయార్క్ నగరంలోని బౌలింగ్ గ్రీన్ దగ్గర నిలబెట్టారు. జోసెఫ్ విల్టన్ దాని శిల్పి. సీసంతో పోసి పైన బంగారు పూత పూశారు. 1776 జులై 9న బ్రిటన్ మీద తిరగబడ్డ వలసల స్వాతంత్ర్య ప్రకటనను అక్కడ జార్జ్ వాషింగ్టన్ సేనలకు చదివి వినిపించారు. ఆ సాయంత్రమే జనం తాళ్లు కట్టి విగ్రహాన్ని లాగి పడేశారు. కోపం ఒక్కటే కాదు, అవసరం కూడా ఆ లోహాన్ని కదిలించింది. తిరుగుబాటు చేసిన వలసల్లో సీసానికి కరువు వచ్చింది. కిటికీ తలుపులకు కట్టే సీసపు బరువులను సైతం ఇళ్లలోంచి ఊడదీసి కరిగిస్తున్న రోజులవి.

విగ్రహం ముక్కల్లో చాలా భాగం కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్ అనే ఊరికి చేరింది. అక్కడ ఆలివర్ వోల్కాట్ ఇల్లు ఉంది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవారిలో ఆయన ఒకరు. ఆ ఇంటి ఆవరణలో సీసాన్ని ముక్కలు చేసి, కరిగించి, గుండ్లు పోశారు. ఎవరు ఎన్ని పోశారో వోల్కాట్ కాగితం మీద రాసిపెట్టారు. రూత్ మార్విన్ 11,592. వోల్కాట్ కూతుళ్లలో మేరీ ఆన్ 10,790, లారా 8,378. శ్రీమతి మార్విన్ 6,058, శ్రీమతి బీచ్ 1,802. పదేళ్లు కూడా నిండని కొడుకు ఫ్రెడరిక్ 936. ఇతరులు పోసినవి 2,182. ఊరి రక్షక దళానికి ఇచ్చినవి 50, ఒక రెజిమెంటుకు ఇచ్చినవి 300 కలుపుకొని మొత్తం 42,088.

ఈ పట్టీ చిన్నదే అయినా దాని విలువ చాలా ఎక్కువ. ఇంట్లో జరిగే పనికి లెక్క రాయడం ఏ కాలంలోనూ అరుదు. యుద్ధ సామగ్రి చిట్టాలో ఆడపిల్లల పేర్లు, వాళ్ల పని అంకెలతో సహా ఉండడం ఇంకా అరుదు. మేరీ ఆన్‌కు అప్పుడు పదకొండేళ్ల ప్రాయం. ఒక్కొక్క గుండుకు మూస మూయడం, పోయడం, తెరవడం, తోక కత్తిరించడం అనుకుంటే, పదివేల పైచిలుకు గుండ్లంటే ఎన్ని గంటలు వేడి సెగ దగ్గర కూర్చోవాలో ఊహించవచ్చు. విగ్రహం బరువు 4,000 పౌన్లని చెబుతారు. పౌనుకు 14 నుంచి 20 గుండ్లు వస్తాయనుకుంటే, 42,088 గుండ్లకు పట్టేది 2,100 నుంచి 3,000 పౌన్ల సీసమే. మిగిలినదంతా లిచ్‌ఫీల్డ్ చేరలేదని దీన్నిబట్టి అర్థమవుతుంది. రాజుకు విధేయులైనవాళ్లు దారిలో కొన్ని ముక్కలను దాచేశారని అంటారు. గుర్రం తోకతో సహా కొన్ని ముక్కలు అదే రాష్ట్రంలోని విల్టన్ ఊరి నేలలో 19వ శతాబ్దంలో బయటపడ్డాయి.

స్వతంత్ర దేశం పడమరకు విస్తరించినకొద్దీ సీసం ప్రయాణ సామాను అయింది. మెరివెదర్ లూయిస్, విలియం క్లార్క్ 1804లో మిస్సోరి నది వెంట పసిఫిక్ తీరానికి బయలుదేరినప్పుడు తుపాకి మందును పీపాల్లో కాకుండా 52 సీసపు డబ్బాల్లో తీసుకెళ్లారు. ఈ ఏర్పాటు లూయిస్ ఆలోచన. ఒక్కో డబ్బా బరువు 8 పౌన్లు, దానిలో మందు 4 పౌన్లు. మందు వాడుకుని డబ్బా ఖాళీ అయ్యేసరికి, ఆ మందుకు సరిపడిన గుండ్లకు కావలసిన సీసం చేతిలోనే మిగులుతుంది. డబ్బాను కరిగించి మూసలో పోయడమే తరువాయి. నదిలో మునిగినా మందు తడవలేదు. 1806 ఫిబ్రవరిలో, తిరుగు ప్రయాణానికి ముందు లెక్క చూసుకుంటే, ఇంకా 35 డబ్బాల మందు చెడకుండా ఉంది. ఇంటిపోత పద్ధతిని ఇంతకంటే తెలివిగా వాడుకున్న సందర్భం మరొకటి కనిపించదు.

పక్షుల వేటకు వాడే సన్న రవ్వల సంగతి వేరు. వాటిని ఒక్కొక్కటిగా మూసలో పోయడం అయ్యే పని కాదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో సీసపు గొట్టాల పనిచేసే విలియం వాట్స్, కరిగిన సీసాన్ని జల్లెడ గుండా ఎత్తునుంచి జారవిడిస్తే చుక్కలు గాలిలోనే గుండ్రంగా గట్టిపడి కింది నీళ్లలో పడతాయని చూపి, 1782లో పేటెంట్ పొందాడు. ఈ పద్ధతి అమెరికాకు వెళ్లింది. ఫిలడెల్ఫియాలో 1808లో, బాల్టిమోర్‌లో 1828లో రవ్వల గోపురాలు లేచాయి. బాల్టిమోర్ గోపురం ఎత్తు 234 అడుగులు. ఇప్పటికీ నిలిచి ఉంది.

19వ శతాబ్దం మధ్యలో గుండు ఆకారమే మారింది. ఫ్రెంచ్ సైనికాధికారి క్లోడ్ ఎతియెన్ మినియే పేరుతో ప్రసిద్ధమైన తూటా ముందు వైపు కోసుగా, వెనక డొల్లగా ఉంటుంది. మందు పేలగానే వెనక అంచు విచ్చుకుని గొట్టం గాళ్లను పట్టుకుంటుంది. అమెరికాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జేమ్స్ బర్టన్ దాన్ని సులువుగా తయారయ్యేలా మార్చాడు. బ్రిటిష్ వాళ్ల ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా కూడా ఈ కుటుంబానిదే. 1857లో భారత సిపాయిలు నోటితో కొరకడానికి నిరాకరించిన కొవ్వు కాగితపు పొట్లాలు ఆ రైఫిల్‌వే. అప్పటికే బ్రిటన్‌లోని ఊల్‌విచ్ కర్మాగారంలో సీసపు కడ్డీలను యంత్రాలతో నొక్కి తూటాలు చేస్తున్నారు. అమెరికా అంతర్యుద్ధం వచ్చేసరికి ఉత్తరాది సైన్యానికి కర్మాగారాలున్నాయి. దక్షిణాదికి మాత్రం మళ్లీ పాత కరువే. ఆయుధ విభాగం అధిపతి జొసయ్యా గోర్గాస్ చార్ల్స్‌టన్ ఇళ్ల కిటికీ బరువులను, మొబీల్ నగరంలోని నీటి గొట్టాలను సేకరింపజేశాడు.

ఇత్తడి గొట్టంలో మందూ తూటా కలిపి అమర్చే పద్ధతి రావడంతో ఇంటిపోత అంతరించిపోవలసింది. అలా జరగలేదు. పేలిన తరవాత ఇత్తడి గొట్టం పాడవకుండా మిగులుతుంది. దాన్ని మళ్లీ నింపుకోవచ్చు. 1870లలో మైదానాల్లో దున్నలను వేటాడినవాళ్లు సీసపు కడ్డీలు, మందు డబ్బాలు బండ్లమీద వేసుకుని, రాత్రిపూట విడిదిలో తూటాలు పోసుకునేవారు. ఆ వేట దున్నల జాతిని దాదాపు తుడిచిపెట్టింది. ఈ పోత పనితనం అంత పెద్ద విధ్వంసానికి పనికొచ్చిందన్న నిజాన్ని దాటవేయకూడదు.

పనిముట్ల వ్యాపారం ఆ తరవాత పుంజుకుంది. జాన్ బార్లో 1884లో కనెక్టికట్‌లో ఐడియల్ కంపెనీ పెట్టి, పోతకూ నింపడానికీ ఒకే పట్టకారు పనికొచ్చేలా చేసి అమ్మాడు. కంపెనీ చేతులు మారి 1925లో అదే రాష్ట్రంలోని లైమన్ సంస్థకు చేరింది. లైమన్ మూసలు నేటికీ అమ్ముడవుతున్నాయి.

ఇంటిపోతకు అసలు పరీక్ష పొగలేని తుపాకి మందుతో వచ్చింది. ఫ్రాన్స్‌లో పాల్ వియెయ్ 1884లో తయారుచేసిన ఈ మందు తూటా వేగాన్ని ఎంతో పెంచింది. ఆ వేగానికి మెత్తటి సీసం గొట్టంలో అరిగి అంటుకుపోతుంది. దీనికి విరుగుడుగా సైన్యాలు రాగి తొడుగు తూటాలకు మారాయి. ఇంట్లో పోసుకునేవాళ్లు మిశ్రమం వైపు తిరిగారు. పాత నల్ల తుపాకి మందు రోజుల్లో 16 పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపితే సరిపోయేది. ఇప్పుడు ఆంటిమొనీ కూడా కావలసి వచ్చింది. అచ్చు యంత్రాల లైనోటైప్ లోహంలో సీసంతో పాటు సుమారు 12 శాతం ఆంటిమొనీ, 4 శాతం తగరం ఉంటాయి. కాబట్టి పత్రికల అచ్చుశాలలు వదిలించుకున్న లోహం తూటాలు పోసేవాళ్లకు నిధి అయింది. కారు చక్రాలకు బిగించే సీసపు బరువులూ అంతే. లైనోటైప్ యంత్రాలు మూతబడ్డాయి. ఐరోపాలో 2005 నుంచి కొత్త కార్లకు సీసపు చక్రబరువులు నిషిద్ధం. పాత సీసం దొరికే దారులు ఇలా ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి.

అమెరికాలో ఈ పని అభిరుచిగా బతికి ఉండడానికి అక్కడి చట్టం ఒక కారణం. 1968 నాటి కేంద్ర చట్టం అమ్మకానికి మందుగుండు తయారుచేసేవాళ్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది గానీ, సొంత వాడకానికి చేసుకునేవాళ్లను అందులోకి లాగలేదు. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం నేరం.

సీసం విషమన్న ఎరుక ఈ చరిత్రకు కొత్త కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1786లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, అచ్చు అక్షరాలు పోసేవాళ్లకూ సీసంతో పనిచేసే ఇతరులకూ వచ్చే జబ్బులను వివరించాడు. తూటాల పోత వేడిలో సీసం ఆవిరయ్యేది స్వల్పమే. అసలు ప్రమాదం మడ్డిలోనూ, చేతులకూ బట్టలకూ అంటుకునే దుమ్ములోనూ ఉంది. అది నోటి ద్వారా లోపలికి పోతుంది. పిల్లల మెదడు ఎదుగుదలను కొద్దిపాటి సీసం కూడా దెబ్బతీస్తుందని వైద్యం తేల్చింది. గాలి ఆడే చోట, వంటపాత్రలకు దూరంగా, పిల్లలు లేనప్పుడు పోయాలన్నది నేటి కనీస నియమం. లిచ్‌ఫీల్డ్ పట్టీలోని పిల్లల పేర్లను ఈ ఎరుకతో చదివితే మనసు కలుక్కుమంటుంది.

అడవిలో పడిన సీసం కూడా ప్రాణాలు తీసింది. వేటాడిన జంతువుల అవశేషాలలోని సీసపు తునకలు తిని కాలిఫోర్నియా కాండోర్ రాబందులు చచ్చిపోయాయి. 1982 నాటికి ఆ జాతిలో 22 పక్షులే మిగిలాయి. నీటిపక్షుల వేటలో సీసపు రవ్వలను అమెరికా అంతటా 1991లో నిషేధించారు. కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జులై 1 నుంచి వన్యప్రాణుల వేట అంతటికీ సీసపు తూటాలను నిషేధించింది. అక్కడ ఇప్పుడు వేటగాళ్లు వాడేది ఎక్కువగా రాగి తూటాలు. రాగి కరగడానికి 1,085 డిగ్రీల వేడి కావాలి. వంటింటి పొయ్యి మీద అది సాధ్యం కాదు.