బస్తా మీది మూడక్షరాలు

మోండా మార్కెట్లో మా నాన్నకు బియ్యం కొట్టు ఉండేది. బీపీటీ అడిగినవాళ్లకు గుప్పెడు గింజలు అరచేతిలో పోసి చూపించేవాడు. బీపీటీ అంటే ఏమిటి నాన్నా అంటే, "అదో రకంలేమ్మా" అనేవాడు. 1990లో సికింద్రాబాద్ నుంచి రాజేంద్రనగర్ వెళ్లి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరాక తెలిసింది, అది బాపట్ల అని. ఎంటీయూ మారుటేరు, జేజీఎల్ జగిత్యాల, ఆర్ఎన్ఆర్ మేం చదివే రాజేంద్రనగరే. వంగడం పుట్టిన పరిశోధనా స్థానం పేరు బస్తా ఎక్కి మా కొట్టు దాకా వచ్చేది.

పాఠం చెప్పే విశ్వవిద్యాలయమే ఇలా పరిశోధనా స్థానాలూ నడిపే ఏర్పాటు వెనుక 1862 నాటి అమెరికా చట్టం ఒకటుంది. కాంగ్రెస్‌లోని ఒక్కో సభ్యుడికి 30,000 ఎకరాల లెక్కన రాష్ట్రాలకు భూమి ఇచ్చి, దాన్ని అమ్మిన సొమ్ముతో వ్యవసాయమూ యంత్రవిద్యా నేర్పే కాలేజీలు నడపమన్నారు. అందులో చాలా నేల అక్కడి ఆదివాసుల నుంచి లాక్కున్నదే, ఆ మాట దాటేయకూడదు. అలా లేచిన కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం ఆచార్యులే మన దగ్గరికి వచ్చి పనిచేశారు. 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. పాఠం, పరిశోధన, రైతు దగ్గరికి వెళ్లడం, మూడూ ఒకే గొడుగు కిందికొచ్చాయి.

ఆ మూడోది నాకు చివరి ఏడాది పల్లెలో తెలిసింది. సాంబ మసూరికి దోమపోటు పడుతుంది, గాలి ఆడేలా ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని ఒక రైతుకు చెప్పాను. "గంత నేల ఇడిసిపెడితే ఎట్ల బిడ్డా?" అన్నాడాయన. లెక్క వేసి చూపించినా నమ్మలేదు. కానీ నాట్లప్పుడు ఒక్క మడిలో వదిలాడు. తక్కినవి ఎప్పటిలాగే వేసి, రెంటినీ పక్కపక్కన చూసుకున్నాడు. పరిశోధన అంటే ఏమిటో ఆ గట్టు మీద నిలబడి నేర్చుకున్నాను.

2015లో తెలంగాణ సోనా అనే వరి వంగడం, ఆర్ఎన్ఆర్ 15048, వచ్చింది. దాని తల్లిదండ్రుల్లో ఒకటి మారుటేరుది, ఒకటి జగిత్యాలది. రాష్ట్రం రెండైనా గింజలో గోదావరి డెల్టా, కరీంనగర్ నేల కలిసే ఉన్నాయి.

2024 మార్చిలో అదే రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టుకు శంకుస్థాపన జరిగింది, విశ్వవిద్యాలయం నేలలో 100 ఎకరాలు. మా నేల ఇవ్వొద్దని విద్యార్థులు అంతకుముందే రోడ్డెక్కారు. కోర్టు కావాలి, కాదనను. కానీ వంగడం తేల్చడానికి ఏళ్ల తరబడి ఒకే నేల తెలిసి ఉండాలి. దాన్ని మరో చోట ఎకరాకు ఎకరం ఇచ్చి పూడ్చలేం.

మొన్న మోండాలో ఆర్ఎన్ఆర్ బస్తా కొన్నాను. కొట్టు కుర్రాణ్ణి ఆ అక్షరాల అర్థం అడిగితే తెలియదన్నాడు. చెప్పాను. "మన రాజేంద్రనగరా ఆంటీ!" అని బస్తా తిప్పి మళ్లీ చదువుకున్నాడు.