కలక నీరు – తేట నీరు

కలక నీటిని తేటపరచే విద్యను మానవుడు ఏనాడో నేర్చినాడు. కాని కలక ఒక్క రకం కాదు. ఒక్కొక్క రకాన్ని గుర్తించి, దానికి తగిన విరుగుడు కనుగొనటానికి శతాబ్దాలు పట్టినవి. నేడు హైదరాబాదుకు తూర్పున ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఒక ఇంటి ఈతకొలనులో నీరు ఎన్నిసార్లు మందు చల్లినా మళ్ళీ మళ్ళీ తెల్లబారుతుంటే, అందుకు కారణం ఈ చరిత్రను చూస్తే బోధపడుతుంది.

మన పెద్దలు చిల్లగింజను వాడేవారు. సంస్కృతంలో దీనినే కతకమంటారు. కుండ లోపలివైపు గింజను రుద్ది నీరు పోస్తే కొంతసేపటికి మట్టి అడుక్కు దిగుతుంది. కతకం పేరు పలికినంతమాత్రాన నీరు తేరదని మనుస్మృతి ఉపమానంగా చెప్పినది. పటిక చేసే పని కూడా ఇటువంటిదే. బురదనీటిలోని సూక్ష్మకణాలకు ఋణవిద్యుదావేశం ఉంటుంది. అవి ఒకదానినొకటి నెట్టుకొంటూ నీటిలో తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని తటస్థం చేయగా, కణాలు ముద్దలై క్రిందికి దిగుతాయి.

1829లో జేమ్స్ సింప్సన్ అనే ఇంజనీరు లండనులో థేమ్స్ నది నీటిని ఇసుక పొరలగుండా వడపోసినాడు. ఈ పద్ధతి విలువ 1892లో స్పష్టమైనది. ఆ ఏడు జర్మనీలోని హాంబర్గు నగరంలో కలరా సోకి 8 వేలమందికి పైగా మరణించారు. ప్రక్కనున్న ఆల్టోనా పట్టణమూ అదే ఎల్బ్ నది నీటిని త్రాగేది. కాని ఇసుకలో వడపోసి త్రాగేది. అక్కడ మరణాలు చాలా తక్కువ. తరువాత 1908లో అమెరికాలోని జెర్సీ నగరం తన నీటికి నిత్యమూ క్లోరిన్ కలపటం ఆరంభించినది.

హైదరాబాదుకు కూడా 1908 మరువరాని సంవత్సరం. ఆ సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తినది. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై, 1920లో మూసీమీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీమీద హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. ఈ జలాశయాలు నగరానికి పడమట ఉన్నవి. తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ఆనాడు పల్లెలు. తెలంగాణ పల్లెల్లో పిల్లలు ఈత నేర్చేది మోటబావుల్లోనే. మోట తోలిన కొద్దీ పాతనీరు పొలానికి పోయేది, కొత్తనీరు ఊరేది.

ఇంటి ఈతకొలనులో ఇట్లా జరుగదు. అదే నీరు నెలల తరబడి యంత్రంద్వారా తిరుగుతుంటుంది. ఎండకు నీరు ఆవిరి అవుతుంది. అందులోని లవణాలు మిగిలిపోతాయి. తగ్గిన మేరకు బోరునీరు నింపుతారు. ఈ ప్రాంతంలో భూమిక్రింద ఉన్నది సుమారు 250 కోట్ల సంవత్సరాలనాటి గ్రానైటు శిల. దాని పగుళ్ళలో నిలిచిన నీరు కాల్షియాన్ని కరిగించుకొని తరచు కఠినజలమవుతుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీటితో కొలను నింపినారనుకొందాం. వేసవిలో సగం నీరు ఆవిరి కాగా, అంత నీటినీ తిరిగి అదే బోరునుండి నింపితే, కాఠిన్యం 450 అవుతుంది.

కరిగిన కాల్షియం ఎప్పుడు సున్నపు పొడిగా విడివడుతుందో లెక్కించే సూత్రాన్ని 1936లో అమెరికా శాస్త్రజ్ఞుడు లాంగెలియర్ ప్రకటించినాడు. కాల్షియం, క్షారత, ఉష్ణోగ్రత, పీహెచ్ విలువ పెరిగిన కొద్దీ కాల్షియం కార్బొనేటు విడివడి నీటిని తెల్లబరుస్తుంది. ఈ సంగతి తెలియక నీరు తెల్లబడగానే మరింత బ్లీచింగు పొడి చల్లుతారు. ఆ పొడిలోనూ కాల్షియమున్నది. పైగా అది పీహెచ్‌ను పెంచుతుంది. ఆ విధంగా మందే రోగానికి కారణమవుతుంది.

కనుక ముందు పరీక్ష చేయాలి. గాజుగ్లాసులో ఆ నీరు తీసుకొని కొంచెం వెనిగర్ కలపండి. తేరితే కలక సున్నానిది. తేరకపోతే రాత్రంతా కదపక ఉంచండి. అడుగున మట్టి పేరుకొంటే ధూళి కారణం, దానికి పటికా వడపోతా చాలును. పచ్చదనం కనబడితే అది నాచు. దానికి క్లోరిన్ కావాలి. సున్నపు కలకకు మాత్రం పీహెచ్‌ను 7.2, 7.8 మధ్యకు తేవాలి. కాఠిన్యం మితిమీరితే కొంత నీటిని తోడివేసి మృదుజలం చేర్చాలి. ఆమ్లాన్ని, బ్లీచింగు పొడిని ఎన్నడూ కలుపరాదు. విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

ఇది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. పీహెచ్ 7.2 వద్ద క్లోరిన్‌లో సుమారు మూడింట రెండు వంతులు క్రిములను చంపే రూపంలో ఉంటుంది. 8 వద్ద నాలుగవ వంతే ఉంటుంది. అంతకన్న ముఖ్యమైనది, అడుగు కనబడని కొలనులో మునిగిన పిల్లవాడు కూడా కనబడడు. అడుగు స్పష్టంగా కనబడేవరకు ఎవరినీ అందులో దిగనీయరాదు.

ఉపాధ్యాయులు తరగతిలో బోరునీటినీ, వాననీటినీ వేరువేరుగా మరిగించి, పాత్రల అడుగున మిగిలే తెల్లని పొరలను పోల్చి చూపవచ్చును. ఈ కలకకు మూలమేమిటో విద్యార్థులు కంటితోనే చూడగలరు.