మర్జూ దవా ఒకే దుకాణంలో

కంప్యూటర్ వైరస్ పేరు వినని ఇల్లు ఇప్పుడు లేదు. కానీ ఈ మర్జ్‌కి ఒక వతన్ ఉందనీ, పుట్టిన మొహల్లా, దుకాణం, పుట్టించినవాళ్ల పేర్లు అన్నీ తారీఖులో నమోదై ఉన్నాయనీ తెలిసినవాళ్లు తక్కువ. వతన్ లాహోర్. మొహల్లా అల్లామా ఇక్బాల్ టౌన్, నిజాం బ్లాక్. దుకాణం పేరు బ్రెయిన్ కంప్యూటర్ సర్వీసెస్. సంవత్సరం 1986. అన్న అమ్జద్ ఫారూఖ్ అల్వీ, తమ్ముడు బాసిత్ ఫారూఖ్ అల్వీ. తమ్ముడికి అప్పటికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు, పదిహేడేళ్లు.

ఇది లోకంలోనే మొదటి వైరస్ అని కొందరు రాసేస్తుంటారు. అది గలత్. 1971లోనే అమెరికాలో బాబ్ థామస్ అనే ఇంజనీరు ‘క్రీపర్’ అని ఒక ప్రోగ్రాం రాశాడు. అది ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి నెట్‌వర్క్ మీద నడిచి వెళ్లేది. 1982లో రిచ్ స్క్రెంటా అనే బడి పిల్లాడు యాపిల్ ఫ్లాపీల మీద ‘ఎల్క్ క్లోనర్’ వదిలాడు. కానీ మన ఇళ్లలోకీ దఫ్తర్లలోకీ వచ్చింది ఐబీఎం పీసీ, దాని నఖళ్లు. ఆ పీసీల మీద సరిహద్దులు దాటి తిరిగిన మొదటి వబా లాహోర్ అన్నదమ్ములదే. మర్జ్ ఒకరికి వస్తుంది, వబా ఊరంతా తిరుగుతుంది అని మా ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ చెప్పిన ఫర్క్ ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

ఇంతకీ అది పని చేసే తరీఖా ఏమిటి? ఆనాటి పీసీని ఫ్లాపీ పెట్టి లేపేవారు. ఐదుంపావు అంగుళాల పల్చని ఫ్లాపీ, 360 కిలోబైట్లు పట్టేది. కంప్యూటర్ కళ్లు తెరవగానే ఆ ఫ్లాపీలో మొట్టమొదటి గడి చదువుతుంది. దాన్ని బూట్ సెక్టర్ అంటారు. ఇంటికి సదర్ దర్వాజా లాంటిది. బ్రెయిన్ సరిగ్గా ఆ దర్వాజా దగ్గరే కూర్చుంది. అసలు బూట్ సెక్టర్‌ని ఎత్తి ఫ్లాపీలో ఇంకోచోట దాచి, ఆ జాగా ‘ఖరాబైంది, ముట్టుకోవద్దు’ అని ముద్ర వేసేది. తర్వాత మెమొరీలో చేరి, మీరు ఏ కొత్త ఫ్లాపీ పెట్టినా దానికీ అంటుకునేది. ఇంకో చాలాకీ ఉంది. ఎవరైనా అనుమానం వచ్చి బూట్ సెక్టర్ తెరిచి చూడబోతే, దాచిపెట్టిన అసలుదాన్ని తెచ్చి ముందు పెట్టేది. తలాషీకి వచ్చిన సిపాయికి దొంగే తలుపు తీసి, మర్యాదగా చుట్టూ తిప్పి చూపించి పంపినట్టు. ఫ్లాపీ పేరు ‘బ్రెయిన్’ అని మారడం పైకి కనబడే నిషానీ. హార్డ్ డిస్క్ జోలికి పోయేది కాదు.

దీని నుంచి కాపాడుకునే ఉపాయం కూడా అంత సాదాగానే ఉండేది. ఫ్లాపీ పక్కన చిన్న గాటు ఉంటుంది. దాని మీద చిన్న టేపు ముక్క అతికిస్తే ఆ ఫ్లాపీ మీద ఎవరూ ఏమీ రాయలేరు, వైరస్ కూడా. సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని, చేత్తో వేసిన తాళం. ఆ తర్వాత వచ్చిన ఎన్నో మహంగా దవాల కంటే ఆ టేపు ముక్కే భరోసా ఉన్నదని నా ఖయాల్.

అన్నదమ్ములు ఇదంతా చోరీగా చేయలేదన్నదే ఈ కిస్సాలో వింత. వైరస్ లోపల తమ పేర్లు, దుకాణం చిరునామా, టెలిఫోన్ నంబర్లతో సహా రాసిపెట్టారు. ఈ వైరస్‌తో జాగ్రత్త, టీకా కావాలంటే మమ్మల్ని అడగండి అన్నది దాని సారాంశం. అంటే మర్జూ దవా రెండూ ఒకే దుకాణంలో! తాము రాసిన వైద్య సాఫ్ట్‌వేర్‌ని జనం పైసా ఇవ్వకుండా నఖలు కొట్టుకుంటున్నారని, అది ఎంతదూరం పోతోందో చూద్దామని చేశామన్నది వాళ్ల బయాన్. 1988లో అమెరికా ‘టైమ్’ పత్రిక కథనం ఇంకో సంగతి బయటపెట్టింది. ఆ దుకాణంలోనే లోటస్, వర్డ్‌స్టార్ లాంటి పరాయి సాఫ్ట్‌వేర్ల నఖళ్లు ఒకటిన్నర డాలరుకి అమ్మేవారట, విదేశీయులకు ఇచ్చే వాటిలో వైరస్ పెట్టేవారట. తమ సొమ్ము కాజేశారని గోల చేసినవాళ్లు పరాయి సొమ్ము అమ్మడం ఏ ఇన్సాఫో నాకు అర్థం కాదు. కానీ వాళ్లు బద్మాషులనీ అనలేను. ఫైళ్లు చెరపడం వాళ్ల మక్సద్ కాదు. 2011లో మిక్కో హిప్పోనెన్ అనే ఫిన్లాండ్ నిపుణుడు ఆ పాత చిరునామా పట్టుకుని లాహోర్ వెళితే, అన్నదమ్ములు అక్కడే కనబడ్డారు. ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే కంపెనీ నడుపుతున్నారు.

మక్సద్ మంచిదైనా వబా ఎవరి మాటా వినదు. 1987లో అమెరికాలో డెలావేర్ యూనివర్సిటీ విద్యార్థుల ఫ్లాపీలలో బ్రెయిన్ తేలింది. 1988లో ప్రావిడెన్స్ అనే ఊళ్లోని దినపత్రిక దఫ్తర్‌లోకి చేరింది. అక్కడ ఒక రిపోర్టరు నెలల తరబడి ఫ్లాపీలో దాచుకున్న నోట్సు పోయింది. ఇదే పేషాలో ఉన్నవాణ్ని కాబట్టి ఆ సంగతి చదివినప్పుడు నా గుండె ఒకసారి ఆగి కొట్టుకుంది. ఆ నోట్సుకి రెండో నఖలు ఎక్కడైనా ఉండి ఉంటే ఆమె ఆ రోజు చాయ్ తాగి మళ్లీ పనిలో కూర్చునేది.

ఇదే ఏళ్లలో దవా బజారు తెరుచుకుంది. 1987లో జాన్ మెకాఫీ అమెరికాలో కంపెనీ పెట్టాడు. బ్రెయిన్ గురించి చదివాకే ఈ దారి పట్టానని ఆయనే చెప్పుకున్నాడు. ఫ్రెడ్ కోహెన్ అనే పరిశోధకుడు మాత్రం అదే కాలంలో బజారుకి గిట్టని నిజం ఒకటి రుజువు చేసి పెట్టాడు. ఏ ప్రోగ్రాం వైరసో ఏది కాదో ఎప్పుడూ తప్పు లేకుండా చెప్పగల ప్రోగ్రాం రాయడం అసంభవం అని. దలీల్ తేలికే. అలాంటి హకీం ఒకడున్నాడనుకోండి. నేనొక ప్రోగ్రాం రాస్తాను, అది ముందు ఆ హకీంనే అడుగుతుంది, ‘నేను వైరస్‌నా?’ అని. అవును అంటే ఊరుకుంటుంది, కాదు అంటే వ్యాపిస్తుంది. రెండువైపులా హకీం మాట తప్పే. యాంటీవైరస్ వేశాం కదా, ఇక బేఫికర్ అనుకునేవాళ్లు ఈ దలీల్ ఒకసారి నిదానంగా చదవాలి.

మన దేశం ఈ తారీఖులో ఖాళీ చేతులతో లేదు. 1990లో ‘జోషీ’ అనే వైరస్ ఇక్కడే దొరికింది. ఏటా జనవరి 5న కంప్యూటర్‌ని ఆపేసి, ‘హ్యాపీ బర్త్‌డే జోషీ’ అని టైపు చేయమనేది. ఆ మాట టైపు చేస్తే వదిలేది, అంతే! ఇక పుణెలో ఇంకో ఇద్దరు అన్నదమ్ములు. పదోతరగతితో చదువు ఆపి క్యాలిక్యులేటర్లు రిపేరు చేసే అన్న కైలాస్ కాట్కర్, కంప్యూటర్లు చదివే తమ్ముడు సంజయ్. రిపేరుకి వచ్చే మెషీన్లలో వైరస్‌లు చూసి చూసి తమ్ముడు రాసిన ఇలాజే 1990ల నడుమ క్విక్ హీల్ అయ్యింది. లాహోర్‌లో అన్నదమ్ములు మర్జ్ చేశారు, పుణెలో అన్నదమ్ములు దవా చేశారు. రెండూ చిన్న రిపేరు దుకాణాల బిడ్డలే.

2000 మే 4న మనీలా నుంచి ‘ఐ లవ్ యూ’ వచ్చింది. ఈమెయిల్‌లో ప్రేమలేఖ అన్న పేరుతో ఒక ఫైలు. దాని పేరు చివర టెక్స్ట్ అని ఉంటుంది, ఆ తర్వాత ఇంకో తోక ఉంటుంది. ఆ తోకని విండోస్ దాచేస్తుంది. అందువల్ల ఖత్ అనుకుని తెరిస్తే ప్రోగ్రాం నడిచేది, మీ చిరునామాల పుస్తకంలో ఉన్న అందరికీ మీ పేరుతోనే అదే ఖత్ పోయేది. ఆ తోకలు దాచే అలవాటు విండోస్‌కి ఇప్పటికీ ఉంది. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని తీసేయడం రెండు నిమిషాల పని. రాసిన ఓనెల్ డి గుజ్‌మన్ మీద కేసు నిలవలేదు, అప్పటికి ఫిలిప్పీన్స్‌లో దానికి ఖానూన్ లేదు. మన ఐటీ చట్టం అదే ఏడాది అక్టోబర్ 17న అమల్లోకి వచ్చింది. అందులో కంప్యూటర్ వైరస్‌కి నిర్వచనం కూడా రాశారు.

ప్రేమలేఖ తర్వాత ఫిరౌతీ లేఖ. 2017 మే 12న ‘వానాక్రై’ దాదాపు 150 దేశాలలో ఫైళ్లకు తాళం వేసి 300 డాలర్లు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కూడా చిక్కాయి. పాత ఎక్స్‌పీ మెషీన్ల వల్లే ఇదంతా అని అప్పుడు అందరూ రాశారు. తీరా లెక్క తీస్తే ఎక్కువ దెబ్బ తిన్నవి విండోస్ 7 మెషీన్లు. వాటికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మరమ్మతు పంపింది. రెండు నెలలు అది వేసుకోకుండా ‘తర్వాత గుర్తుచేయి’ నొక్కుతూ కూర్చున్నారు.

చివరగా మా ఉర్దూవాళ్ల సంగతి. ఢిల్లీలోని కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో తెచ్చిన ఇన్‌పేజ్ ఉర్దూ అఖ్బారుల నసీబ్ మార్చేసింది. అప్పటిదాకా చాలాచోట్ల కాతిబ్ కలంతో రాసిన నస్తలీఖ్ కీబోర్డు మీదికి వచ్చింది. దాని చోరీ నఖళ్లు ఎన్ని తిరిగాయో లెక్క లేదు, లాహోర్ ఫ్లాపీల కథే మళ్లీ. చోరీ నఖలుకి మరమ్మతులు రావు. 2016 నవంబర్‌లో కాస్పర్‌స్కీ సంస్థ ఇన్‌పేజ్‌లో ఉన్న ఒక రంధ్రాన్ని బయటపెట్టింది. మామూలు ఉర్దూ ఫైలులా కనిపించే దాన్ని తెరిస్తే చాలు, కంప్యూటర్ పరాయి చేతుల్లోకి పోతుంది. బ్యాంకులు, ప్రభుత్వ దఫ్తర్ల మీద దాన్ని ప్రయోగించారు. రెండేళ్ల తర్వాత మైక్రోసాఫ్ట్ అలాంటి ఇంకో దాడి వివరాలు రాసింది, బాధితులు ఎక్కువమంది పాకిస్తాన్‌లో. ప్రసంగం పేరున్న ఒక ఇన్‌పేజ్ ఫైలు ఈమెయిల్‌లో వస్తుంది. తెరవగానే అది వెంట తెచ్చుకున్న వీఎల్‌సీ ప్లేయర్‌ని నడుపుతుంది. ఆ వీఎల్‌సీ అసలుదే. కానీ బాగా పాత వెర్షన్. తన పక్కన పెట్టిన ఏ ఫైలునైనా తన సొంత ఫైలే అనుకుని లోపలికి పిలిచేంత అమాయకమైన వెర్షన్.