ముక్కుకు తెలిసేలోపే

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా వేప్పనపల్లిలోనైనా, హోసూరు హైవే మీదైనా పెట్రోల్ బంకులో పొద్దున్నే చేసే పని ట్యాంకులోకి డిప్ రాడ్ దించడం. రాడ్ ఎక్కడిదాకా తడిసిందో చూసి ఎన్ని లీటర్లున్నాయో లెక్కగడతారు. కొనకు పూసిన వాటర్ పేస్ట్ ఎర్రబడితే ట్యాంకు అడుగున నీళ్లు చేరాయన్నమాట. ఈ కొలతను అమ్మకాల లెక్కతో సరిచూసుకోవడమే చాలాకాలం లీకేజీ కనిపెట్టే పద్ధతి.

ఈ లెక్కకు ఒక లోపం ఉంది. ఎండకు ఇంధనం ఉబ్బుతుంది, ఆవిరవుతుంది, మీటర్లలోనూ తేడాలుంటాయి. అందుకే అమెరికా నిబంధనలు నెల అమ్మకంలో 1 శాతం, దానిపైన మరో 130 గాలన్లు, అంటే దాదాపు 490 లీటర్ల తేడా వచ్చినా పట్టించుకోనక్కర్లేదన్నాయి. అంతకన్నా తక్కువగా కారే ట్యాంకు రిజిస్టరుకు దొరకదు.

అగ్నిప్రమాదాల భయంతో ట్యాంకుల్ని భూమిలో పాతడం మొదలైంది. పూత కూడా లేని ఉక్కు ట్యాంకులు తడినేలలో తుప్పుపట్టాయి. సంగతి బయటపెట్టింది పరికరాలు కాదు, జనం ముక్కులు. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని కానబ్ పార్క్ అనే కాలనీలో ఇళ్ల బావినీళ్లు పెట్రోల్ వాసన కొట్టాయి. 1983 డిసెంబరులో సీబీఎస్ టీవీ ‘60 మినిట్స్’లో ఆ కథ ప్రసారమైంది. మరుసటి ఏడాదే అమెరికన్ కాంగ్రెస్ భూగర్భ ట్యాంకుల మీద చట్టం చేసింది. 1988లో వచ్చిన నిబంధనలు లీకేజీ పరీక్షను తప్పనిసరి చేశాయి. ట్యాంకు మూసేసేటప్పుడు దాని కింది నేలను పరీక్షించాలన్నాయి. ఆ తర్వాత అక్కడ బయటపడ్డ లీకేజీలు 5 లక్షలకు పైనే.

వాసన వచ్చాక చూద్దాంలే అంటే ఎందుకు కుదరదో ఒక లెక్క చెబుతుంది. మన పెట్రోల్‌లో బెంజీన్ 1 శాతం దాకా ఉండొచ్చు. తాగేనీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రామే. ఆ లెక్కన ఒక్క లీటరు పెట్రోల్‌లోని బెంజీన్ 8 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దు దాటించగలదు. అదే సంస్థ పత్రాల ప్రకారం నీటిలో బెంజీన్ వాసన తెలియాలంటే లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములుండాలి, అంటే హద్దుకు వెయ్యి రెట్లు. పెట్రోల్‌లోని మిగతా వాసనలు కాస్త ముందే తెలిసినా, వాటిని నమ్ముకుని కూర్చోలేం.

అలా పరిశీలన బావులు వచ్చాయి. కనీసం మూడు బోర్లు వేసి నీటిమట్టాలు కొలిస్తే భూగర్భజలం ఎటు వాలుతోందో తెలుస్తుంది. పెట్రోల్ పాలమీద మీగడలా నీటిపై తేలుతుంది కాబట్టి, సన్నని చీలికలున్న పైపు నీటిమట్టానికి పైనా కిందా ఉండేలా దించాలి. మరీ లోతున పెడితే తేలే పొర అసలు కంటపడదు. టేపుకు కట్టిన సెన్సర్‌ను దించితే నూనె తగిలినప్పుడు ఒకరకంగా, నీరు తగిలినప్పుడు మరోరకంగా మోగుతుంది.

నమూనా తీయడం ఇంకా నాజూకు పని. మొదట్లో బెయిలర్ అనే సన్నని గొట్టంతో తోడేవాళ్లు. నీళ్లు కుదుపుకు గురై బెంజీన్ గాలిలో కలిసేది, బురద లేచేది. నిమిషానికి అర లీటరు మించకుండా పంపుతో తోడే పద్ధతి మీద 1996లో పల్స్, బార్సెలోనా అనే శాస్త్రవేత్తలు రాసిన పత్రం అమెరికా పర్యావరణ సంస్థ తరఫున వెలువడింది. నీటిని 40 మిల్లీలీటర్ల గాజుసీసాలో అంచు పొంగేలా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి తడతారు. ఒక్క బుడగ కనిపించినా మరో సీసా నింపాల్సిందే, ఎందుకంటే బెంజీన్ ఆ బుడగలోకి జారుకుంటుంది. తర్వాత సీసాను ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కు పంపుతారు.

1995లో కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల ఒక ఊరటనిచ్చే మాట చెప్పింది. నేలలోని బ్యాక్టీరియా బెంజీన్‌ను తినేస్తుండటంతో చాలాచోట్ల ఆ మలినం 250 అడుగులు దాటి పోలేదు. కానీ అది మట్టి, ఇసుక నేలల లెక్క. వేప్పనపల్లిలో పైన కాస్త మన్ను, కింద బండ. బోరుబండి వాళ్లు ‘గ్యాప్’ అనే పగుళ్లలోనే నీళ్లు నడుస్తాయి. పెట్రోల్‌కూ అదే దారి. పక్కనున్న బోరు శుభ్రంగా ఉన్నా, దూరపు తోటలో రోజంతా ఆడే మోటారు పెట్రోల్‌ను తనవైపు లాక్కోవచ్చు. ఇక్కడ బావులు సమదూరంలో కాదు, పగుళ్ల వరసలో వేయాలి. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి చూడాలి.

మన దగ్గర్లో కూడా ముక్కే ముందు పసిగట్టింది. తెలుగువాళ్లు తరాలుగా కాపురమున్న ఉత్తర చెన్నైలో, తండయార్‌పేటలో 2013లో బోర్లలో ఇంధనం తేలింది. కారణం ట్యాంకు కాదు, భూమిలోని పైపులైను. కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. పరిశీలనలో ఐఐటీ మద్రాసు నిపుణులు పాలుపంచుకున్నారు.

బంకు మూతబడి ట్యాంకు పైకి తీసిన రోజు గుంత తెరిచే ఉంటుంది. కింది మట్టి నాలుగు గుప్పెళ్లు, పల్లపు బోరులో రెండు సీసాల నీళ్లు అప్పుడే పరీక్షకు పంపడం సులువు. గుంత పూడ్చి షాపులు కట్టేశాక బండలో పెట్రోల్ వెతకాలంటే కొత్త బోర్లు వేయాలి. ఆ ఖర్చు స్థలం కొన్నవాడి నెత్తిన పడుతుంది.