తురాయి పుట్టినిల్లు

మే నెలలో చీపురుపల్లి పరిసరాల గడ్డి మాడిపోయిన వేళ తురాయి చెట్టు ఒంటినిండా ఎర్రబడును. మనదే అనుకొను ఈ చెట్టు పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపము. అక్కడి తూర్పు తీరమున బోయర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని చూచెను. 1829లో కర్టిస్ వృక్షశాస్త్ర పత్రిక దీనిని లోకమునకు పరిచయము చేసెను. అయితే ఆ తీరము వానలకు పెట్టినపేరు. అక్కడివి నాటి పెంచిన చెట్లే. ఇది తనంత తాను పెరుగునది ఆ ద్వీపపు పడమటి, ఉత్తర భాగముల పొడి అడవులలో. వానలు లేని నెలలలో ఆకు రాల్చి నీటిని పొదుపు చేయుట అచ్చట అబ్బిన గుణము. మన ఎండ దీనికి కొత్త కాదు గదా!

భూమధ్యరేఖకు దక్షిణమున నున్న స్వస్థలములో ఇది సంవత్సరాంతమున పూయును. ఇక్కడ ఏప్రిల్–జూన్ నెలలలో. రెండుచోట్లను వానల రాకకు ముందే.

తుపానుకు మాత్రము ఇది నిలువదు. వేళ్ళు పైపైన ప్రాకును, కొమ్మలు పెళుసు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ మన ప్రాంతమున ఎన్ని చెట్లను కూల్చినదో పెద్దలు చెప్పగలరు. బడిలో నాటువారు తరగతి గదులకు దూరముగా గొయ్యి తీయవలెను.