అనంతపురం పీఠభూమి: ముఠాకక్షల భౌగోళికత

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం మెట్టప్రాంతంలో, ఊరిపెద్ద నాయకత్వాన సాయుధ అనుచరగణాలు తరతరాలుగా సాగించే పగను ముఠాకక్ష లేదా ఫ్యాక్షన్ అంటారు. దీని మూలాలను చాలామంది పాళెగాళ్ళలో, అంటే కోటలూ సొంత బలగాలూ ఉన్న స్థానిక ప్రభువులలో వెతుకుతారు. అయితే 1800లో నిజాం అప్పగించిన దత్తమండలాలు (ఈ ప్రాంతం వాటిలోదే) ఈస్టిండియా కంపెనీ వశమయ్యాక కలెక్టర్ థామస్ మన్రో వారిని అణచి, రైతు నుంచే నేరుగా శిస్తు వసూలుచేసే రైతువారీ పద్ధతిని నెలకొల్పాడు కనుక, నేటి ఫ్యాక్షన్‌ను పాత శౌర్యానికి కొనసాగింపుగా చూడటం (సినిమాలకు ఇష్టమైన వివరణే అయినా) సగం నిజమే.

స్వాతంత్ర్యానంతరం పంచాయతీ ఎన్నికలు, సారా వేలంపాటలు, రోడ్లు, కాలువల కాంట్రాక్టులు పల్లెకు కొత్త డబ్బు తెచ్చినప్పుడు, వేరుశనగ తప్ప వేరే ఆధారంలేని చోట ఆ డబ్బుపై పట్టే అధికారమైంది. రామగిరి, కనగానపల్లి, ధర్మవరం, పెనుకొండ ప్రాంతాలు ఈ పోరుకు కేంద్రాలయ్యాయి. ఈ కక్షల్లోనే రామగిరి ప్రాంత నాయకుడు పరిటాల శ్రీరాములు 1975లో హతుడయ్యాడు. ఆయన కుమారుడు, మాజీ మంత్రి రవీంద్ర 2005 జనవరి 24న అనంతపురంలోని తెలుగుదేశం పార్టీ కార్యాలయం వద్దే హత్యకు గురయ్యాడు. అంతకుముందు 1997 నవంబరులో ఆయన లక్ష్యంగా హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో జరిగిన కారుబాంబు పేలుడు, ఈ కక్షలు జిల్లా సరిహద్దు దాటాయని చూపింది.

రాజ్యం పోలీసు పికెట్లు పెట్టింది, బైండోవరు కేసులతో, అంటే శాంతిభద్రతలకు భంగం కలిగించబోమని పూచీకత్తు రాయించుకోవడంతో, అనుచరులను కట్టడి చేసింది. నాయకులకు మాత్రం ప్రభుత్వ గన్‌మెన్లనే సమకూర్చింది.